మీడ్ పోటీల్లో మార్కులు ఎక్కడ పోతున్నాయి? అపోహలు - వాస్తవాలు

తేనెను పులియబెట్టి ఇంట్లో చేసే మీడ్‌కు హోమ్‌బ్రూయింగ్ క్లబ్బుల పోటీల్లో చాలాచోట్ల బీజేసీపీ (బీరు, మీడ్ జడ్జిలకు పరీక్షలు పెట్టి గుర్తింపు ఇచ్చే సంస్థ) పత్రం ప్రకారమే మార్కులు వేస్తారు. మొత్తం 50. వాసనకు 10, రూపానికి 6, రుచికి 24, మొత్తంమీద ఎలా ఉందన్నదానికి 10. ఈ లెక్కను దగ్గర పెట్టుకుని చదవండి.

అపోహ: మంచి మీడ్ కావాలంటే ఏళ్ల తరబడి నిల్వ ఉంచాల్సిందే.

వాస్తవం: కొత్త మీడ్ గొంతులో మంట పెడుతోందంటే చాలాసార్లు తప్పు మొదటి వారంలోనే జరిగి ఉంటుంది. తేనెలో చక్కెర పుష్కలం, నత్రజని దాదాపు శూన్యం. తిండి చాలని ఈస్ట్ కుళ్లిన కోడిగుడ్డు వాసన వదులుతుంది. వేడి కూడా ఎక్కువైతే ఘాటైన ఫ్యూసెల్ ఆల్కహాళ్లు తయారవుతాయి. అందుకే పోషకాన్ని నాలుగు భాగాలు చేయండి. ఈస్ట్ వేసిన 24, 48, 72 గంటలకు ఒక్కో భాగం, చక్కెరలో మూడో వంతు తగ్గాక చివరిది. గ్రావిటీ (నీటితో పోలిస్తే ద్రవం సాంద్రత, చక్కెర తగ్గేకొద్దీ ఇదీ తగ్గుతుంది) 1.090తో మొదలైతే ఆ చివరి భాగం 1.060 దగ్గర పడాలి. చాలా ఈస్ట్‌లకు 17-20 డిగ్రీల సెల్సియస్ సరిపోతుంది.

పోషకం వేసే ముందు నెమ్మదిగా తిప్పి గ్యాస్ వదిలించండి. పొడిని నేరుగా చల్లితే నురుగు ఒక్కసారిగా పొంగి సగం నేలపాలవుతుంది. కాసిని నీళ్లలో కలిపి పోస్తే ఆ బెడద తగ్గుతుంది. ఆల్కహాల్ 9 శాతం దాటాక డీఏపీ (డైఅమ్మోనియం ఫాస్ఫేట్, నత్రజని ఇచ్చే పోషకం) వేయొద్దు. ఈస్ట్ దాన్ని తీసుకోలేదు, రుచిలో తేడా మిగిలిపోతుంది. ఆల్కహాల్ ఎక్కువుండే శాక్ మీడ్‌కు నిల్వ మేలు చేస్తుంది, నిజమే. కానీ పులిసేటప్పుడు చెడినదంతా నిల్వలో బాగుపడదు.

అపోహ: తేనె నీళ్లను మరిగించి తీరాలి.

వాస్తవం: అక్కర్లేదు. శుభ్రమైన పాత్ర, తగినంత ఈస్ట్ చాలు. మరిగిస్తే పూల వాసన ఆవిరితో పోతుంది, దానితోపాటే వాసన మార్కులూ పోతాయి. తేనెను కావాలనే మాడ్చి చేసే బోషే సంగతి వేరు.

అపోహ: సల్ఫైట్, సార్బేట్ అనే నిల్వ రసాయనాలు వేస్తే పులియడం ఆగిపోతుంది.

వాస్తవం: జోరుగా పులుస్తున్న ఈస్ట్‌ను ఇవి ఆపలేవు. సార్బేట్ ఈస్ట్‌ను చంపదు, పెరగకుండా అడ్డుకుంటుంది, అంతే. గ్రావిటీ రెండు వారాలు కదలకుండా ఉండి, మడ్డి నుంచి తేటను వేరుచేశాక లీటరుకు పొటాషియం మెటాబైసల్ఫైట్ 0.1 గ్రాము, పొటాషియం సార్బేట్ 0.2 గ్రాము వేయండి. తేనెతో తీపి పెంచడం ఆ తర్వాతే. సార్బేట్ ఒక్కటే వేస్తే లాక్టిక్ బాక్టీరియా వల్ల జెరేనియం ఆకుల వాసన పుట్టొచ్చు, అది ఇక పోదు. సీసాలో మళ్లీ పులియడం మొదలైతే 'స్టిల్' (బుడగల్లేనిది) అని రాసిన మీడ్ బుడగలతో జడ్జి ముందుకు వెళ్తుంది. లేదా సీసా దారిలోనే పగిలి మనుషులకు గాజు గుచ్చుకుంటుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

అపోహ: తీపి ఎక్కువైతే లోపాలు కనబడవు.

వాస్తవం: తీపి, ఆల్కహాల్ బలం, గ్యాస్ ఎంతో పోటీ ఫారంలో ముందే చెప్పాలి. చివరి గ్రావిటీ 1.010 లోపైతే డ్రై, 1.025 వరకు సెమీ-స్వీట్, 1.050 వరకు స్వీట్. చెప్పినదానికీ గ్లాసులో ఉన్నదానికీ పొంతన లేకపోతే మార్కులు తగ్గుతాయి. పులుపు, వగరు తోడు లేని తీపి నాలుకకు అంటుకుపోతుంది. చిన్న గ్లాసుల్లో లీటరుకు అర గ్రాము చొప్పున ఆమ్లం పెంచుతూ పోల్చి చూడండి.

అపోహ: అరుదైన తేనె పేరు రాస్తే మార్కులు కలుస్తాయి.

వాస్తవం: పేరు రాస్తే జడ్జి ఆ పువ్వు గుణం కోసమే వెతుకుతారు. దొరక్కపోతే నష్టం మీదే. సుగంధ ద్రవ్యాలు కలిపితే ప్రతిదీ విడిగా తెలియనవసరం లేదు, కలిసి ఒద్దికగా ఉంటే చాలు. పాత నోట్సు చూసి ఫారం నింపొద్దు. పంపబోయే సీసాలకు జోడీ ఒకటి తెరిచి, గ్యాస్ పోయేలా కలిపి గ్రావిటీ కొలిచి, రుచి చూసి నింపండి.