కాఫీలో కెఫీన్ ఎంతో పెన్సిల్ ముక్క చెబుతుంది

చిరంజీవులు చిన్నికి, బాబీకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిన్ని అడిగిన ప్రశ్నకి అప్పుడే జవాబు చెబుదామనుకున్నాను. ఈలోగా మీ అమ్మ ఫోన్ లాక్కుంది. బాబీ పరీక్ష ముందు రాత్రి తాగిన ఎనర్జీ డ్రింక్ డబ్బా మీద "100 మి.లీ.కి 30 మి.గ్రా. కెఫీన్" అని ఉందట కదా. "లోపల అంతే ఉందని ఎవరు చూశారు తాతయ్యా, నాలుక మీద వేసుకుని చూశారా?" అని నీ ప్రశ్న. (బాబీ, ఆ పక్కనే పిల్లలు తాగకూడదని కూడా ఉంటుంది. అది నీకు కనిపించలేదనుకుంటా.)

పెద్ద ల్యాబుల్లో దీన్ని కొలవడానికి హెచ్‌పీఎల్‌సీ అనే మెషిన్ ఉంటుంది. లక్షల ఖరీదు. అది కాకుండా ఇంకో దారి ఉంది, నాకు ఇష్టమైనది. మీ పెన్సిల్లో ఉండే నల్లటి ముక్కతో కొలవడం. దాన్ని లెడ్ అంటాం గానీ అందులో సీసం చుక్క కూడా ఉండదు. అది గ్రాఫైటు, బంకమన్ను కలిపి కాల్చినది. గ్రాఫైటు అంటే కార్బనే. కరెంటు దానిలోంచి చక్కగా పోతుంది.

ముందు కెఫీన్ సంగతి. 1819లో రుంగే అనే జర్మన్ కుర్రాడు కాఫీ గింజల్లోంచి దీన్ని విడదీశాడు. ఆ గింజలు ఇచ్చింది మహాకవి గోథే. కెఫీన్‌కి దగ్గర చుట్టాలు ఇద్దరున్నారు. కోకోలో ఉండే థియోబ్రోమిన్ ఒకటి, టీలో కొంచెంగా ఉండే థియోఫిలిన్ రెండోది. ఈ రెండోదాన్ని ఆయాసానికి మందుగా కూడా వాడతారు. ముగ్గురి ఒళ్లూ ఒకటే, క్సాంథిన్ అంటారు. దానికి మిథైల్ అనే చిన్న గుంపులు తగిలించి ఉంటాయి. కెఫీన్‌కి మూడు, మిగతా ఇద్దరికీ రెండేసి, అవీ వేరు వేరు చోట్ల. తేడా అంతే. పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి తోటల్లో చెట్ల నీడన కోకో కాయలు చూశారు కదా, థియోబ్రోమిన్ వాటి గింజల్లోదే. పేరులో బ్రోమిన్ ఉంది గానీ పదార్థంలో లేదు. కోకో చెట్టుకి శాస్త్రవేత్తలు పెట్టిన థియోబ్రోమా అన్న పేరులోంచి వచ్చింది.

ఇక కొలత. కార్బన్ కడ్డీ ఒకటి, దానికి తోడు ఇంకో రెండు ఎలక్ట్రోడ్లు, అంటే కరెంటు కోసం పెట్టే కడ్డీలు, కాఫీలో ముంచుతాం. కడ్డీ మీద వోల్టేజి సున్నా నుంచి మెల్లగా పెంచుకుంటూ పోతాం. ఒక్కో పదార్థం ఒక్కో వోల్టేజి దగ్గర తన ఎలక్ట్రాన్లు వదిలేస్తుంది. వదిలినప్పుడు కరెంటు పైకి లేస్తుంది, గ్రాఫ్‌లో గుట్టలాగా కనబడుతుంది. కాఫీలో వగరు పదార్థాలు అర వోల్టు చుట్టుపక్కలే వదిలేస్తాయి. కెఫీన్ మొండిది. దాదాపు 1.4 వోల్టుల దాకా నోరు విప్పదు. గుట్ట ఎంత ఎత్తుంటే కెఫీన్ అంత ఉన్నట్టు. పంచదార ఈ కార్బన్ మీద ఉలకదు పలకదు, కాబట్టి కాఫీ ఎంత తీపిగా ఉన్నా మనకి ఇబ్బంది లేదు.

కార్బనే ఎందుకు? చిన్నీ, ఇక్కడ కాస్త నిదానంగా చదువు. 1922లో ప్రాగ్‌లో హెయ్‌రోవ్‌స్కీ ఇలాంటి కొలతలు మొదలుపెట్టినప్పుడు చుక్కలు చుక్కలుగా పడే పాదరసం వాడాడు. దానికే 1959లో నోబెల్ వచ్చింది. కానీ పాదరసం అర వోల్టు కూడా దాటకముందే తనే కరగడం మొదలుపెడుతుంది. 1.4కి ఎక్కడ చేరుతుంది? బంగారం, ప్లాటినం పెడితే వాటి మీద ఆక్సైడు పొర కడుతుంది, పైగా నీళ్లు విడిపోయి ఆక్సిజన్ బుడగలు లేస్తాయి. ఆ గోలలో కెఫీన్ గుట్ట కనబడదు. కార్బన్ మీద నీళ్లు చాలా నిదానంగా విడిపోతాయి. కెఫీన్ నోరు విప్పేదాకా నీళ్లూ, కడ్డీ నోరు మూసుకుని కూర్చునే గది అన్నమాట. బోరాన్ కలిపిన వజ్రం అయితే ఇంకా నిశ్శబ్దం. వజ్రమూ కార్బనే కదా.

ఎత్తు చూసి ఎన్ని మిల్లీగ్రాములో ఎలా చెబుతాం? కాఫీని 20 రెట్లు పలచన చేశాం అనుకో. గ్రాఫ్ కాగితం మీద గుట్ట 6 గళ్లు లేచింది. అందులోనే లీటరుకి 10 మి.గ్రా. లెక్కన తెలిసిన కెఫీన్ కలిపి మళ్లీ చూశాం, 9 గళ్లు. అంటే 10 మి.గ్రా.కి 3 గళ్లు. మొదటి 6 గళ్లకి 20 మి.గ్రా. పలచన చేసింది 20 రెట్లు కాబట్టి అసలు కాఫీలో లీటరుకి 400, అంటే 100 మి.లీ. కప్పులో 40 మి.గ్రా.

కాగితం మీద ఇంత సులువు. గ్లాసు దగ్గరికొస్తే చిక్కులు మొదలు. మనిళ్లలో కాఫీ అంటే పాలు కదా! పాలలో ప్రొటీన్లు కడ్డీకి జిడ్డులా పట్టేస్తాయి. కెఫీన్ తన పని చేసి వెళ్తూ కూడా కొంత మడ్డి వదిలిపోతుంది. మా కాలేజీలో గాజులాంటి కార్బన్ కడ్డీ ఉండేది, చివర చిటికెన వేలి గోరులో సగం కూడా ఉండదు. ప్రతి కొలతకీ ముందు దాన్ని అల్యూమినా పొడి రాసిన గుడ్డ మీద, ఎనిమిది అంకె వేస్తున్నట్టు రుద్దాలి. నల్లటి అద్దంలా మెరిసి, వంగి చూస్తే నీ కన్ను అందులో కనబడాలి. ఒకరోజు తొందరలో నేనే రుద్దడం మానేసి, గుట్టలు చిన్నవవుతుంటే ద్రావణం తప్పు కలిపావని ఒక కుర్రాణ్ణి కేకలేశాను. సాయంత్రం దాకా నాకు తట్టలేదు. మర్నాడు వాడికి క్షమాపణ చెప్పాననుకోండి.

ఇంకో చిక్కు చుట్టాలది. థియోబ్రోమిన్, థియోఫిలిన్ కెఫీన్ కన్నా కాస్త ముందే లేస్తాయి. చాక్లెట్ పాలలో రెండు గుట్టలూ ఒకదాని మీదికి ఒకటి ఒరిగి కలిసిపోతాయి. వాటిని విడదీయడానికే కడ్డీకి గ్రాఫీన్ (కార్బన్‌దే అతి పలుచని రేకు), నానో గొట్టాలు (కంటికి కనబడనంత సన్న కార్బన్ గొట్టాలు) అంటూ రకరకాల పూతలు పూస్తున్నారు. కొన్ని నిజంగా పనికొస్తాయి. కానీ శుభ్రమైన నీళ్లలో కెఫీన్ కలిపి గుట్ట చూపించి "అద్భుతం" అనేవాళ్లంటే నాకు చిరాకు. టీ కొట్టు గ్లాసులో ముంచి చూపించు, అప్పుడు ఒప్పుకుంటాను. అర మిల్లీమీటరు పెన్సిల్ ముక్కతోనే బాగా కొలిచినవాళ్లున్నారు. మడ్డి పడితే రుద్దే పని కూడా లేదు, విరిచి పారేసి కొత్తది పెట్టుకోవడమే.

మీ నాన్న అడుగుతాడు, దీంతో కాఫీ పొడిలో చికోరి ఎంత కలిపారో తెలుస్తుందా అని. చికోరి కాల్చిన వేరు, దాంట్లో కెఫీన్ ఉండదు. కాబట్టి తెలియాలి అనిపిస్తుంది. కానీ రోబస్టా రకం కాఫీ గింజలో అరాబికా రకం కన్నా దాదాపు రెట్టింపు కెఫీన్ ఉంటుంది. రోబస్టాలో సగం చికోరి కలిపితే, మన అరకు అరాబికా ఒట్టిది వేసుకున్నట్టే గుట్ట లేస్తుంది. కెఫీన్ ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పొద్దని నా మాటగా చెప్పు.

కెఫీన్ గుట్ట చూడాలంటే పరికరం కావాలి గానీ, నీళ్లు విడిపోయి లేచే బుడగలు మీ వంటింట్లోనే చూడొచ్చు. రెండు పెన్సిళ్లని రెండు వైపులా చెక్కి, 9 వోల్టుల బ్యాటరీకి వైర్లతో కలిపి, చిటికెడు వంటసోడా వేసిన నీళ్లలో ముంచండి. మైనస్ వైపు బుడగలు ఎక్కువ లేస్తాయి, అవి హైడ్రోజన్. వంటసోడా బదులు ఉప్పు మాత్రం వేయొద్దు, క్లోరిన్ వస్తుంది. గోడ ప్లగ్గు జోలికి అసలు పోవద్దు. అమ్మ పక్కనుండగా చేయండి.

సెలవులకి వచ్చేటప్పుడు 0.5 మి.మీ. లెడ్ల డబ్బా ఒకటి పట్టుకురండి. ఇక్కడి కొట్లో 0.7 తప్ప దొరకడం లేదు.

మీ తాతయ్య