ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిలు లీకు: అపోహలు - వాస్తవాలు

భీమవరం, ఆకివీడు, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి మా షెడ్డుకు వచ్చే ఆటోమేటిక్ కార్లలో ఎక్కువ భాగం ఒకే ఫిర్యాదుతో వస్తాయి: బండి కింద ఆయిలు మరక కనబడుతోంది. ఆ మరకను చూసి యజమాని గేరుబాక్సు పోయిందని భయపడతాడు, తొందరపడిన మెకానిక్కు సీలు (ఆయిలు బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) పోయిందని తేల్చేస్తాడు. ఆయిలు ఎక్కడ కారుతోందో కాదు, ఎక్కడ పుడుతోందో తెలిసేవరకు ఈ రెండు మాటలకూ విలువ లేదు.

అపోహ: మరక ఎర్రగా ఉంటే అది గేరుబాక్సు ఆయిలే.

వాస్తవం: ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిలుకు చాలా కంపెనీలు ఎరుపు రంగు కలుపుతాయన్నది నిజమే. అయితే హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉన్న చాలా బండ్లలోనూ అదే రకం ఆయిలు వాడతారు. కొన్ని కూలెంట్లు కూడా ఎరుపు లేదా గులాబీ రంగులో ఉంటాయి. మరోవైపు, బాగా వాడిన గేరుబాక్సు ఆయిలు గోధుమ రంగుకు తిరిగి ఇంజను ఆయిలులా కనిపిస్తుంది. సీవీటీ (పళ్ల గేర్ల బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్ గేరుబాక్సు) ఆయిళ్లు కొన్ని ఆకుపచ్చగా ఉంటాయి. అందువల్ల రంగుతో పాటు మరో రెండు పరీక్షలు చేయాలి. గిన్నెడు నీళ్లలో ఒక చుక్క వేస్తే కూలెంటు కలిసిపోతుంది, ఆయిలు పైన తేలి పొరలా పరుచుకుంటుంది. మరక వాసన చూస్తే, మాడిన వాసన వచ్చే ఆయిలు లోపలి క్లచ్ ప్లేట్లు వేడెక్కాయని ముందుగానే చెబుతుంది. రంగూ వాసనా లేని నీరైతే అది ఏసీ నీరు. మన డెల్టా ఉక్కపోతలో అది ధారగా కారడం మామూలే.

ఇంకొక సంగతి. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో వ్యాప్తిలోకి వచ్చిన ఏఎంటీ బండ్లను కూడా జనం ఆటోమేటిక్ అనే అంటారు. వాటిలో ఉండేది మాన్యువల్ గేరుబాక్సే. ఇంజను శక్తిని ఆయిలు ద్వారా గేరుబాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్ ఉండదు. గేరు ఆయిలు వేరు, గేర్లు మార్చే పరికరం హైడ్రాలిక్ రకానిదైతే దానికి వాడే ద్రవం వేరు. కాబట్టి బండిలో ఉన్నది ఏ రకం గేరుబాక్సు పెట్టె అన్నది ముందుగా తెలుసుకోవాలి.

అపోహ: ఎక్కడ తడిగా ఉందో అక్కడే లీకు ఉంది.

వాస్తవం: అనవసరపు ఖర్చుకు అన్నిటికంటే ఎక్కువగా కారణమయ్యేది ఈ నమ్మకమే. ఆయిలు కిందికి జారుతుంది, బండి నడిచేటప్పుడు గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. పుట్టిన చోటు నుంచి అడుగున్నర దూరం ప్రయాణించి, పెట్టెలో అన్నిటికంటే కింద ఉన్న అంచు నుంచి చుక్కలుగా రాలుతుంది. అందుకే తడిలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్న బిందువు కోసం వెతకాలి.

కొన్నేళ్ల కిందట ఆకివీడు వైపు నుంచి ఒక రొయ్యల రైతు వచ్చారు. ఇంజనూ గేరుబాక్సూ కలిసే చోట ఉండే బెల్ హౌసింగ్ అనే కవరు అడుగున చుక్కలు పడుతున్నాయి. "గేరుబాక్సు దింపి దాని ముందువైపు సీలు మార్చాలంటున్నారండి, నిజమేనంటారా?" అని అడిగారు. పెట్టె మొత్తాన్ని క్లీనర్ స్ప్రేతో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టి, మామూలు టాల్కం పౌడరు పలుచగా చల్లి, పది కిలోమీటర్లు తిప్పి తెచ్చి ర్యాంపు ఎక్కించాం. తెల్లటి పొడి మీద వేలెడు వెడల్పున ఎర్రటి చార ఒకటి పైనుంచి దిగింది. దాన్ని పట్టుకుని పైకి వెళ్తే గేరుబాక్సు ఆయిలును చల్లబరిచే కూలర్ హోసు కనబడింది. క్లాంపు పక్కన రబ్బరు మీద ఎలుక పళ్ల గాట్లున్నాయి. కోతలయ్యాక చేలల్లోని ఎలుకలు ఇళ్ల వైపు, షెడ్ల వైపు వస్తాయన్నది ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. ఆ హోసు మార్చడానికి గంట కూడా పట్టలేదు.

ఈ పద్ధతి నాకు నష్టపోయాకే పట్టుబడింది. వృత్తిలో కొత్తగా ఉన్నప్పుడు ఇలాంటి లీకుకే ఒక కారు గేరుబాక్సు దింపి, సీలు మార్చి, తిరిగి ఎక్కించాను. మర్నాటికి మళ్లీ చుక్కలు పడ్డాయి. ఇంజను వెనుక పైభాగంలో ట్యాపెట్ కవరు ప్యాకింగ్ నుంచి ఇంజను ఆయిలు దిగుతోంది. రెండు రోజుల శ్రమ, యజమాని డబ్బు వృథా అయ్యాయి. బెల్ హౌసింగ్ నుంచి ఆయిలు కారితే అది గేరుబాక్సు పంపు సీలు కావచ్చు, ఇంజను క్రాంక్ వెనుక సీలు కావచ్చు, పైనుంచి దిగినదీ కావచ్చు. పౌడరుతో తేలని సన్నటి లీకులకు ఆయిలులో రంగుద్రవం కలిపి, అతినీలలోహిత టార్చితో చూడాలి.

అపోహ: నిలబెట్టినప్పుడే కారుతోంది, నడిచేటప్పుడు కారడం లేదు కాబట్టి భయం లేదు.

వాస్తవం: ఎప్పుడు కారుతోందన్నది లీకు చోటును పట్టిచ్చే ఆధారం. ఇంజను ఆగాక టార్క్ కన్వర్టర్‌లోని ఆయిలు కొంత ఛాంబరులోకి (గేరుబాక్సు అడుగున ఉండే ఆయిలు తొట్టిలోకి) దిగి మట్టం పెరుగుతుంది. ఛాంబరు అంచుకు పైన ఉన్న గేరు లీవరు సీలు, వైర్ల కనెక్టరుకు ఉండే 'ఓ-రింగు' అనే రబ్బరు వలయం వంటివి ఆ సమయంలో కారతాయి. కూలర్ పైపుల్లో ఒత్తిడి ఇంజను నడిచేటప్పుడే ఉంటుంది కనుక అవి ప్రధానంగా అప్పుడే కారతాయి. రాత్రి బండి కింద తెల్లటి అట్ట పరిచి, ముందు చక్రాల స్థానం దాని మీద గీసి ఉంచితే చుక్క ఏ భాగం కింద పడిందో తెల్లవారేసరికి తెలుస్తుంది. పైపు లీకును మాత్రం ఉపేక్షించకూడదు. వేడెక్కిన సైలెన్సర్ గొట్టం మీద ఆయిలు పడితే మంట అంటుకోవచ్చు. మన తీరంలో ఉప్పు గాలికి, రొయ్యల లారీల నుంచి రోడ్డు మీద పడే నీటికి ఇనుప పైపులు తుప్పు పట్టడం కూడా ఎక్కువే.

అపోహ: ఆయిలు తగ్గితే పోసుకుంటూ తిరగవచ్చు.

వాస్తవం: ఈ ఆయిలు ఇంజనులో మాదిరిగా కాలి ఖర్చు కాదు, తగ్గిందంటే ఎక్కడికో పోయిందని అర్థం. మట్టం తగ్గితే పంపు గాలి పీలుస్తుంది, గేరు ఆలస్యంగా పడుతుంది, క్లచ్ ప్లేట్లు జారి కాలిపోతాయి. బల్లపరుపుగా ఉండే మన రోడ్ల మీద ఈ లక్షణం చాలాకాలం దాగి, గోదావరి మీది సిద్ధాంతం వంతెన లాంటి ఎత్తు ఎక్కేటప్పుడు బయటపడుతుంది. అంచనాతో పోయడమూ ప్రమాదమే, ఎందుకంటే ఎక్కువైన ఆయిలు నురగై, పెట్టెలోకి గాలి వచ్చిపోయే గొట్టం నుంచి బయటికి తన్ని కొత్త లీకులా కనిపిస్తుంది. డిప్ స్టిక్ (ఆయిలు మట్టం చూసే పుల్ల) లేని పెట్టెల్లో బండిని సమతలంగా ఎత్తి, ఇంజను నడుస్తుండగా, కంపెనీ చెప్పిన ఆయిలు ఉష్ణోగ్రత వద్ద మట్టం బోల్టు తీసి చూడాలి.

అపోహ: వరద నీటిలోంచి బండి ఆగకుండా వచ్చేసింది కాబట్టి గేరుబాక్సుకు ఏమీ కాలేదు.

వాస్తవం: వేడిగా ఉన్న పెట్టె ఒక్కసారిగా నీటిలో దిగితే లోపలి గాలి కుంచించుకుని, గాలి గొట్టం గుండా నీటిని లోపలికి లాగుతుంది. నీరు కలిసిన ఆయిలు గులాబీ రంగు పాలలా మారుతుంది, క్లచ్ ప్లేట్ల పైపొరను అంటించిన జిగురు వదులుతుంది. లంక గ్రామాల నుంచి వరదల తరువాత వచ్చే బండ్లలో బయటి లీకు కంటే ముందు మేము ఆయిలు రంగు చూస్తాం. నీట మునగని బండిలోనూ ఇదే రంగు కనబడితే రేడియేటర్‌లోని కూలర్ లోపల చిల్లిపడి కూలెంటు కలుస్తోందని అనుమానించాలి.

అపోహ: బోల్టులు గట్టిగా బిగిస్తే, లేదా లీకు ఆపే మందు పోస్తే సరిపోతుంది.

వాస్తవం: ఛాంబరు బోల్టులకు కావలసిన బిగింపు చాలా తక్కువ; అతిగా బిగిస్తే రేకు వంగి ప్యాకింగ్ నలిగిపోతుంది, లీకు పెరుగుతుంది. మందు గట్టిపడిన రబ్బరును కొంతకాలం ఉబ్బిస్తుంది గాని చిరిగిన సీలును అతకదు. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన గడ్డి చుట్టుకుని అంచు తెగిన యాక్సిల్ సీళ్లు మా దగ్గరికి ఏటా వస్తాయి. వాటికి కొత్త సీలు తప్ప మార్గం లేదు. అది బిగించాక పెట్టెను మళ్లీ కడిగి ఆరబెట్టి, రెండు రాత్రులు కింద అట్ట పరిచి చూసిన తరువాతే బండిని అప్పగిస్తాం.