బ్లాగు లీజు చెరువా, సొంత చెరువా? కొన్ని అపోహలు, వాస్తవాలు

భీమవరంలో నాది ఒకప్పుడు డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలు, ఎన్నికలొస్తే పోస్టర్లు. ఇప్పుడు అదే గదిలో, అదే కుర్చీలో కూర్చుని జనాల చేత బ్లాగులు పెట్టిస్తున్నాను. వచ్చేవాళ్లలో రొయ్యల రైతులున్నారు, కడియం నర్సరీలవాళ్లున్నారు, నర్సాపురం లేసు వ్యాపారులున్నారు, రిటైరైన మాస్టార్లున్నారు. పనులు వేరైనా మొదట వేసే ప్రశ్నలు మాత్రం ఒకటే. చెప్పిందే చెప్పి గొంతు పోతోంది, అందుకని ఒకసారి రాసి పెడుతున్నాను.

అపోహ: బ్లాగుల కాలం అయిపోయింది, ఇప్పుడంతా వీడియోలే

సగం నిజం. వెబ్‌లాగ్ అన్న మాట 1997లో పుట్టింది, 1999లో దాన్ని బ్లాగ్ అని కుదించారు. బ్లాగులు పెట్టుకునే సైటు బ్లాగర్ వచ్చిందీ ఆ ఏడాదే. 2003లో గూగుల్ దాన్ని కొనుక్కుంది, అదే సంవత్సరం అలాంటిదే ఇంకోటి, వర్డ్‌ప్రెస్, మొదటి వెర్షన్ విడుదలైంది. అంతకు ముందు వెబ్‌లో నాలుగు ముక్కలు పెట్టాలంటే హెచ్‌టీఎంఎల్ కోడ్ రాయాలి, ఫైళ్లు సర్వర్‌కి ఎక్కించాలి. ఇవి వచ్చాక ఉత్తరం రాయడం వస్తే చాలు అన్నట్టయింది. తెలుగులో లేఖిని వచ్చింది, కూడలి వచ్చింది. లేఖినిలో టైపు చేసుకోవడం, కూడలి తెరిచి ఎవరేం రాశారో చూసుకోవడం అప్పట్లో మాకు పొద్దున కాఫీతో పాటు జరిగే పని. తర్వాత ఫేస్‌బుక్ కబుర్లన్నిటినీ అటు లాక్కుపోయింది. బ్లాగుల్లో కొత్తగా వచ్చినవన్నీ ఒక్కచోట చూపించే గూగుల్ రీడర్ 2013లో మూతపడింది. కబుర్ల బ్లాగులు పలచబడ్డాయి, ఒప్పుకోవాల్సిందే.

పలచబడనిది వెతుకులాట. మా దగ్గర బ్లాగు పెట్టుకున్న ఒక రొయ్యల రైతు ‘డిసాల్వ్‌డ్ ఆక్సిజన్ నిర్వహణ’ అని ఒక పోస్టు రాశారు. మంచి విషయం. పగలు ఎండకి నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదీ పీల్చుకుంటుంది, రొయ్యా పీల్చుకుంటుంది, అందుకే తెల్లారేముందు డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) బాగా పడిపోతుంది, ముసురు పట్టిన రోజుల్లో మరీను అని చక్కగా వివరించారు. ఎవరూ చదవలేదు. గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్ తెరిచి చూశాం. జనం ఏ మాటలు కొట్టి మన పేజీ దాకా వచ్చారో అందులో పదహారు నెలల వెనక్కి వెళ్లి చూడొచ్చు. అందులో ‘నిర్వహణ’ అన్న మాటే లేదు. ‘రొయ్య పైకి తేలుతోంది’, ‘పొద్దున్నే రొయ్య గట్టు పక్కకి వస్తోంది’, ఇవే మాటలు కొన్నిసార్లు ఇంగ్లీషు అక్షరాల్లో. ఆ మాటల్ని పోస్టు మొదటి పేరాలోకి తెచ్చి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఎప్పుడు వేయాలో మొదటి మూడు లైన్లలోనే చెప్పేయమన్నాను. ఇప్పుడు ఆ బ్లాగులో ఎక్కువమంది చదివేది అదే. తెల్లవారుజామున నాలుగింటికి టార్చి పట్టుకుని గట్టు మీద నిలబడ్డ మనిషికి పన్నెండు నిమిషాల వీడియో చూసే ఓపిక ఎక్కడుంటుందండీ?

అపోహ: తెలుగు టైపింగ్ నేర్చుకోవాలంటే నెలలు పడుతుంది

పట్టదు. ఫోన్‌లో జీబోర్డ్ అనే గూగుల్ కీబోర్డుకి నోటితో చెప్పినా రాసిపెడుతుంది. కామాలు, ఫుల్‌స్టాపులు మాత్రం మనమే సర్దుకోవాలి. మా యాస దానికి ఇంకా పూర్తిగా అలవాటవలేదు. నేను ‘ఆయ్’ అంటే అది ‘హాయ్’ అని పలకరిస్తుంది.

అసలు చిక్కు టైపు రానివాళ్లది కాదు, ఇప్పటికే టైపు చేయించి పెట్టుకున్నవాళ్లది. ఒక మాస్టారు తన వ్యాసాలన్నీ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ‘అన్నీ రెడీగా ఉన్నాయి బాబూ, ఎక్కించేయడమే’ అన్నారు. అన్నీ డీటీపీలో వాడే ‘అను’ అనే పాత ఫాంట్లలో ఉన్నాయి. అతికించగానే స్క్రీన్ నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలర్లు, బ్రాకెట్లు. మాస్టారికి చెమటలు పట్టేశాయి. ఇరవై ఏళ్లు ఆ ఫాంట్లతోనే బతికినవాణ్ని కాబట్టి నింద వేయను, అచ్చుకి అవి బంగారం. కానీ అక్కడ కంప్యూటర్ దాచుకున్నది ఇంగ్లీషు అక్షరాన్నే, ఫాంటు దానికి తెలుగు ముసుగు వేసి చూపిస్తుంది, అంతే. ముసుగు తీస్తే తెలుగు లేదు, వెతికితే దొరకదు. ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో ‘క’ అంటే ఏ ఫోన్‌లోనైనా ‘క’యే. కన్వర్టర్లున్నాయి, మారుస్తాయి. మార్చాక ఒత్తుల దగ్గర మాత్రం కళ్లతో ఒకసారి చూసుకోవాల్సిందే. మాస్టారి వ్యాసాలకి మాకు రెండు వారాలు పట్టింది.

మొదట్లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన యూనికోడ్ తెలుగు ఫాంటు పేరు గౌతమి. ధవళేశ్వరం దిగువన చీలే మా గోదారి పాయ పేరే. ఆ పేరు చూసి అప్పట్లో నేను అనవసరంగా పొంగిపోయాను.

ఇంకో చిన్న సంగతి. ‘ఫేస్‌బుక్’ అని రాస్తే కొందరికి స కింద బ ఒత్తు వచ్చి ‘ఫేస్బుక్’ అవుతుంది. పొల్లుకీ తర్వాతి అక్షరానికీ మధ్య కనబడని ఒక అక్షరం వేయాలి, చాలా కీబోర్డుల్లో దానికి మీట ఉంటుంది. పట్టించుకోకపోయినా కొంప మునగదు, చదివేవాళ్ల కన్ను మాత్రం తడబడుతుంది.

అపోహ: తెలుగులో టైటిల్ పెడితే లింకు పనిచేయదు

పనిచేస్తుంది, కాకపోతే వికారంగా ఉంటుంది. వర్డ్‌ప్రెస్‌లో ‘రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గితే ఏం చేయాలి’ అని టైటిల్ పెట్టి చూడండి. లింకులో ఒక్కో తెలుగు అక్షరం, ఒక్కో గుణింతం గుర్తు, ఒక్కో పొల్లు తొమ్మిదేసి ఇంగ్లీషు గుర్తులుగా మారుతుంది. లింకులోని ఆ ముక్కకి వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటు 200 గుర్తులే. లెక్క వేస్తే 22 తెలుగు గుర్తులు, మధ్యలో రెండు హైఫన్లు. ఈ టైటిల్ సరిగ్గా ‘ఆక్సిజన్’ దగ్గర తెగిపోతుంది, ‘తగ్గితే ఏం చేయాలి’ లింకులోకి రాదు. దాన్ని వాట్సాప్‌లో పంపితే పర్సెంటు గుర్తుల గొలుసు చూసి అవతలివాళ్లు వైరస్ అనుకుంటారు. బ్లాగర్‌ది ఇంకో దారి, తెలుగు టైటిల్‌ని పట్టించుకోకుండా ప్రతిదానికీ ‘బ్లాగ్ పోస్ట్’ అనే పేరు పెట్టి వెనకాల ఒక అంకె తగిలిస్తుంది. రెండిట్లోనూ పబ్లిష్ నొక్కకముందే లింకు గడిలో రెండు మూడు పొట్టి ఇంగ్లీషు మాటలు మనమే రాసుకుంటే సరి. టైటిల్ హాయిగా తెలుగులోనే ఉంచుకోవచ్చు.

అపోహ: ఫ్రీగా వస్తుంటే డొమైన్‌కి (సొంత సైటు అడ్రసుకి) డబ్బులెందుకు?

మా వైపువాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. లీజు చెరువు, సొంత చెరువు. లీజు చెరువులో పంట బాగానే పండుతుంది, తప్పేం లేదు. కానీ గట్టు మీద కొబ్బరి మొక్క వేస్తారా? ఉచిత అడ్రసు మీద పదేళ్లు రాస్తే ఆ లింకులన్నీ ఆ కంపెనీ పేరు మీద ఉన్నట్టే. బ్లాగర్‌లోనే ఉండి కూడా సొంత డొమైన్ తగిలించుకోవచ్చు, హోస్టింగ్‌కి, అంటే రాతలు దాచే చోటుకి, పైసా కట్టనక్కర్లేదు. డొమైన్‌కి ఏడాదికి వెయ్యి రూపాయలో, కాస్త అటూ ఇటూనో. రేపు వేరే చోటికి మారినా అడ్రసు మీవెంటే వస్తుంది.

కొనడం కన్నా ముఖ్యం, అది ఎవరి పేరు మీద ఉందన్నది. ఒక లేసు వ్యాపారికి సైటు చేసిచ్చిన కుర్రాడు డొమైన్ తన పేరు మీద, తన ఈమెయిల్ మీద రిజిస్టర్ చేసుకుని ఉద్యోగానికి దుబాయ్ వెళ్లిపోయాడు. దురుద్దేశమేం కాదు, మర్చిపోయాడు. పొలం కొని పాసుపుస్తకం పాలేరు పేరు మీద రాయించినట్టయింది. వాళ్లని వెక్కిరించే అర్హత నాకూ లేదు. నా సొంత బ్లాగు డొమైన్ గడువు గుర్తుచేస్తూ వచ్చిన మెయిళ్లన్నీ నేను తెరవడం మానేసిన పాత అకౌంటుకి పోయాయి. డాట్ కామ్ డొమైన్ని రద్దు చేశాక కూడా విడిపించుకోవడానికి 30 రోజులుంటాయి, రుసుము మాత్రం మామూలు రెన్యువల్‌కి చాలా రెట్లు. నేను మేలుకునేసరికి ఆ 30 రోజులూ అయిపోయాయి. ఇప్పుడా అడ్రసులో ఎవరిదో పేకాట ప్రకటన ఉంది.

రాతలు మాత్రం బతికాయి, బ్యాకప్ ఉంది కాబట్టి. దాంట్లోనూ ఒక మెలిక: వర్డ్‌ప్రెస్ ఎక్స్‌పోర్ట్ ఫైల్లో రాతలుంటాయి, ఫోటోలుండవు, వాటి లింకులే ఉంటాయి. ఫోటోలు విడిగా దింపుకోవాలి.

అపోహ: ఎన్ని ప్లగిన్లుంటే అంత మంచిది

ప్లగిన్లంటే వర్డ్‌ప్రెస్‌కి అదనపు పనులు తగిలించే చిన్న ప్రోగ్రాములు. ఒకాయన సైటులో ముప్పై ఉన్నాయి. తెరుచుకునేసరికి టీ చల్లారిపోయేది. స్పామ్‌కి ఒకటి, బ్యాకప్‌కి ఒకటి, పేజీ త్వరగా తెరుచుకోవడానికి ఒకటి ఉంచి మిగతావి పీకేశాను. అప్‌డేట్ చేయని ప్లగిన్ అంటే గొళ్లెం లేని పెరటి తలుపు.

అపోహ: గూగుల్‌లో దొరికిన ఫోటో ఎవరైనా వాడుకోవచ్చు

కూడదు. మన దేశంలో కాపీరైటుకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఫోటో తీసినప్పుడే హక్కు పుడుతుంది. మీ తోట ఫోటో మీ ఫోన్‌తో తీసి పెట్టండి. లేదంటే అందరూ వాడుకోవడానికి ఇచ్చిన ఫోటోలుండే వికీమీడియా కామన్స్‌లో తీసుకుని, తీసినవాళ్ల పేరు, లైసెన్సు రాయండి.

అపోహ: యాడ్స్ పెడితే డబ్బులే డబ్బులు

సైట్లలో యాడ్స్ వేసి డబ్బులిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2018లో తెలుగుకి వచ్చినప్పుడు మా సెంటర్‌కి క్యూ కట్టారు. తెలుగు పేజీల మీద ఒక్కో క్లిక్కుకి వచ్చేది చూసి చాలామంది నీరుగారిపోయారు. నేను చూసినంతలో డబ్బు వేరే దారిన వచ్చింది. కడియం నర్సరీ ఆయన మామిడి అంట్ల గురించి రాసిన పోస్టు కింద ఫోన్ నంబరు పెట్టారు, యాడ్స్ పెట్టలేదు. ఆర్డర్లు ఆ నంబరుకే వస్తున్నాయి.

అపోహ: ఇప్పుడు ఏఐ రాసిపెడుతుంది, మనం రాయక్కర్లేదు

నేనూ వాడతాను, అక్షరదోషాలు పట్టడానికి, పెద్ద పోస్టుకి ఉపశీర్షికలు ఆలోచించడానికి. మొన్న ఆత్రేయపురం నుంచి పూతరేకులు చేసే ఒకావిడ వచ్చారు. వాళ్లబ్బాయి అప్పటికే ఒక ఏఐ టూల్‌తో పోస్టు రాయించి తెచ్చాడు. భాష నున్నగా ఉంది. పైకి చదువుతుంటే మధ్యలో ఆవిడ నన్ను ఆపేశారు.

‘పెనం ఏంటి బాబూ? పెనం మీద రేకు ఎలా వస్తుందండీ? బోర్లించిన కుండ కదా!’

కింద మంట పెట్టిన కుండ మీద పల్చటి పిండిలో ముంచిన గుడ్డ ఎలా పరిచి తీస్తారో, రేకు చేతిలోకి ఎలా వస్తుందో ఆవిడ నిలబడి చేత్తో చేసి చూపించారు. అబ్బాయి ఫోన్‌లో రికార్డు చేశాడు. దాన్నే టైపు చేశాం, ఆవిడ మాటల్లోనే. రెండుసార్లు చదివి వినిపించమన్నారు. రెండోసారి విన్నాక ‘ఆ గుడ్డ బాగా నలిగిన పాత గుడ్డయి ఉండాలని కూడా రాయండి’ అన్నారు. అదీ కలిపి పబ్లిష్ నొక్కాం.