అంబాసిడర్ తలుపులో ట్యూబ్‌లైటు

చిరంజీవులైన మనవళ్లకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు, నేను ఇంట్లోనే రంగు వేసిన మన పాత అంబాసిడర్ తలుపులో ముఖాలు చూసుకుని, ఇంత మెరుపు ఏ పాలిష్‌తో వచ్చిందని అడిగారు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ మెరుపులో పాలిష్ డబ్బా వాటా చాలా తక్కువ.

స్ప్రే గన్నుతో వేసిన రంగు ఆరాక బత్తాయి తొక్కలా మిట్టపల్లాలుగా ఉంటుంది; షెడ్డులోని ట్యూబ్‌లైటు దానిలో వంకరలు తిరిగి కనబడుతుంది. చదునైన పొర మీద పడిన వెలుతురు ఒకే దిక్కుకు తిరిగివస్తుంది, గరుకు పొర మీద పడినది నలుదిక్కులకూ చెదిరిపోతుంది. కాబట్టి ముందు మిట్టలను అరగదీయాలి, ఆ అరగదీతలో పడిన గీతలను అంతకంతకూ సన్నగా చేసుకుంటూ పోవాలి.

రంగు వేసిన మర్నాడే ఈ పనికి దిగకూడదు. నేను వాడినది ఎన్.సి. రంగు, అంటే నైట్రోసెల్యులోజ్ రంగు, పాత పెయింటర్లు దీనిని డూకో అంటారు, నిజానికి అది 1920లలో డ్యూపాంట్ కంపెనీ అమ్మిన రంగు పేరు. ఇది, పలచన చేయడానికి కలిపిన థిన్నరు ఆవిరైపోవడం వల్లనే గట్టిపడుతుంది. పైన చేతికి అంటకపోయినా లోపలి థిన్నరు పోవడానికి చాలా రోజులు పడుతుంది, అది పోయేకొద్దీ పొర కుంగి, రంగుకు ముందు వాటర్ పేపరుతో (నీళ్లలో తడిపి రుద్దే గరుకు కాగితంతో) రుద్దినప్పుడు పడి అడుగున దాగిన గీతలు పైకి తేలతాయి.

మూడు వారాలు ఆగి, 1500 నంబరు వాటర్ పేపరును సబ్బునీళ్లలో నానబెట్టి, హవాయి చెప్పు నుంచి కోసిన ముక్కకు చుట్టి రుద్దాను. ఉత్త వేళ్లతో రుద్దితే వేళ్ల వెంబడి గాళ్లు పడతాయి. తడిగా ఉన్నంతసేపూ తలుపు మెరుస్తూ మనలను మోసం చేస్తుంది, ఎందుకంటే నీరు గీతలను పూడ్చేస్తుంది. సైకిలు ట్యూబు ముక్కతో నీటిని లాగి చూస్తే, అరిగిన మిట్టలు వెలిసిపోయినట్టు, అరగని పల్లాలు సన్నని మెరుపు చుక్కలుగా కనబడతాయి. ఆ చుక్కలు పోయేదాకా 1500, ఆ తరువాత అడ్డదిశలో ఇంకా సన్నని 2000. దిశ మార్చితేనే పాత గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. గీతలను అరగదీసే ముద్ద అయిన రబ్బింగ్ కాంపౌండ్‌ను మెత్తని గుడ్డతో మూరెడు మేర మాత్రమే పట్టించి రుద్దడం, చివర సన్నరకం పాలిష్ పెట్టడం దీని తరువాతి మాట. మైనం పూతకు ఇంకో నెల ఆగాలి.

అంచుల దగ్గర రంగు పలచగా నిలుస్తుంది. అది తెలిసి కూడా, బానెట్ ఎడమ అంచుకు టేపు అంటించకుండా రుద్ది, రంగు కింద వేసే బూడిదరంగు ప్రైమరు పూత బయటపడేదాకా అరగదీశాను. గట్టిపడడానికి హార్డెనరు అనే ద్రవం కలిపే కొత్తరకం రంగులను మాత్రం ఇంట్లో కొట్టను, మీరూ కొట్టవద్దు. వాటిలోని ఐసోసయనేట్ అనే, ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనం తుంపర్లను ముక్కుకు కట్టిన గుడ్డ ఆపలేదు.

ఆ అంచుకు నిన్ననే మళ్లీ ఎన్.సి. రంగు వేశాను. మీరు దసరాకు వచ్చేసరికి ఆరి ఉంటుంది, టేపు మీరే అంటించండి.

మీ తాతయ్య