డిస్క్ కింద తుప్పు

తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డు 1944 నాటిది. పైన తిరుమలకూ కింద తిరుపతికీ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. నలుగురు మనుషులు, లగేజీ, లడ్డూల సంచులు అన్నీ కలిపి 1,300 కిలోలు తూగే చిన్న కారు ఆ కొండ దిగాలంటే సుమారు 89 లక్షల జౌళ్ల శక్తిని ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. అదే కారు హైవే మీద గంటకు 100 కి.మీ. వేగం నుంచి పూర్తిగా ఆగితే వదిలేది 5 లక్షల జౌళ్లు. అంటే కొండ దిగేసరికి వంద నుంచి సున్నాకి దాదాపు 18 సార్లు బ్రేకు వేసినంత లెక్క. 40 నిమిషాల్లో దిగారనుకుంటే, ఆ సేపంతా రెండు బాత్రూం గీజర్లు ఆన్‌లో ఉన్నంత వేడి పుడుతుంది. అందులో మూడో వంతు దాకా టైర్ల రాపిడి, గాలి కలిసి తినేస్తాయి. సెకండ్ గేర్‌లో దిగితే ఇంజన్ ఇంకొంత మింగుతుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగే మహానుభావులు మాత్రం మిగతా భారమంతా బ్రేకుల నెత్తిన వేస్తారు. నిజానికి ఇప్పటి ఇంజన్లు గేర్‌లో ఉండగా యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలు పంపడం ఆపేస్తాయి. న్యూట్రల్‌లో పెడితేనే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి కొంత తాగుతుంది.

ఆగేటప్పుడు బండి బరువు ముందుకు ఒరుగుతుంది. ముందు టైర్లకు పట్టు పెరుగుతుంది, వెనక టైర్లకు తగ్గుతుంది. అందుకే ఆపే పనిలో 60-70 శాతం ముందు చక్రాలదే. మన చిన్న కార్లలో చాలావాటికి ముందు డిస్కులు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళేలు), వెనక డ్రమ్ములు ఉండేది కూడా ఇందుకే. ఇందాకటి 5 లక్షల జౌళ్లలో 70 శాతాన్ని ముందు రెండు డిస్కులూ పంచుకుంటే, 5 కిలోల డిస్క్ వేడి ఒక్క బ్రేకుకే మరో 75 డిగ్రీల దాకా పెరుగుతుంది. చల్లారకముందే మళ్ళీ మళ్ళీ నొక్కుతూ పోతే వందల డిగ్రీలకు చేరడానికి ఎంతో సేపు పట్టదు. చాలా కార్లలో ముందు డిస్కును అంచు వైపు నుంచి చూస్తే రెండు పలకల మధ్య సందులు కనిపిస్తాయి. చక్రం తిరుగుతున్నప్పుడు ఆ సందులు మధ్యలోంచి గాలి పీల్చి అంచు వైపు విసురుతాయి. అంటే డిస్క్ తనకు తానే ఫ్యాన్.

కారు డిస్కును పోత ఇనుముతో చేస్తారు. అందులో మూడు శాతానికి పైగా ఉండే కార్బన్ చాలావరకు గ్రాఫైట్ రేకులుగా పరుచుకుని ఉంటుంది. ఆ రేకులు వేడిని త్వరగా లాగేస్తాయి, కీచుమనే కంపనాన్ని కూడా కొంత మింగేస్తాయి. పైగా చవక. ఒకే ఒక్క అవలక్షణం, ఇట్టే తుప్పు పడుతుంది. వాన పడిన మర్నాడు పొద్దున డిస్క్ నారింజ రంగులో కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. ఆ పొర నాలుగు బ్రేకులకు పోతుంది. అసలు తుప్పు మన కంటికి కనపడని చోట ఉంటుంది, దాని సంగతి తర్వాత.

డిస్కును రెండు వైపులా నొక్కి పట్టే ప్యాడ్ల కథ తోలుతో మొదలైంది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా ఆయన తయారుచేసిన కారులో ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి బయల్దేరింది. పల్లపు దారుల్లో చెక్క బ్రేకు దిమ్మలు అరిగిపోతుంటే దారిలో ఒక చెప్పులు కుట్టే ఆయన చేత వాటికి తోలు కొట్టించింది. అరిగే భాగం వేరు, మోసే భాగం వేరు అన్న పద్ధతి ఈనాటి ప్యాడ్‌లోనూ అదే: వెనక స్టీలు ప్లేటు, ముందు 10-12 మి.మీ. మందాన మసాలా. ఆ మసాలాలో రెసిన్, నార, లోహపు పొడి, గ్రాఫైట్, ఇంకా ఎన్నో ఉంటాయి. ఒకప్పుడు ఆస్బెస్టాస్ ఉండేది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు దారితీస్తుందని చాలా దేశాలు దాన్ని మాన్పించాయి. ఆ తర్వాత చూపు రాగి మీద పడింది. బ్రేకుల నుంచి రాలే రాగి పొడి వాన నీటితో వాగుల్లోకి చేరి సాల్మన్ చేపల వాసన పసిగట్టే శక్తిని దెబ్బతీస్తోందని తేలాక వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2010లో చట్టాలు చేశాయి. 2025 నుంచి కాలిఫోర్నియాలో అమ్మే ప్యాడ్లలో రాగి అర శాతం దాటకూడదు. మనం చక్రం విప్పినప్పుడు కనిపించే నల్లటి పొడి ఇలాంటి సరుకే కాబట్టి గాలి కొట్టి ఊదొద్దు. తడిగుడ్డతో తుడవండి లేదా బ్రేక్ క్లీనర్ కొట్టండి, మూతికి మాస్కు పెట్టుకోండి.

అమెరికాలో మనవాళ్ళు చాలామంది ముందు బ్రేకులు ఇంటి ముందే మార్చుకుంటారు, అక్కడ కూలీ ఖరీదు అలాంటిది. ఇక్కడ వీధి చివర మెకానిక్ ఉండగా ఎవరికి ఓపిక? అయినా పని ఎవరు చేసినా, ఏం చూడాలో తెలిసి ఉండటం మంచిది. ప్యాడ్ మసాలా 3 మి.మీ.కి దిగితే మార్చాలి. చాలా ప్యాడ్లకు ఒక చిన్న రేకు ఉంటుంది. అరుగుదల అక్కడి దాకా వచ్చినప్పుడు అది డిస్కుకు తగిలి కీచుమంటుంది. ఆ చప్పుడును రేడియో పెట్టి దాచేస్తే తర్వాత వినిపించేది ఇనుమును ఇనుము కోసే చప్పుడు. డిస్కుకు కూడా కనీస మందం ఇంత అని దాని మీదే పోతపోసి గానీ చెక్కి గానీ ఉంటుంది. అంతకంటే పలచబడితే లేత్ పట్టించినా లాభం లేదు. వేడిని దాచుకునే ఇనుమే తగ్గిపోయింది కదా.

చక్రం విప్పడం స్టెప్నీ మార్చినట్టే, కానీ ఒక తేడా ఉంది. జాకీ ఎత్తడానికి మాత్రమే, బండి ఆగాల్సింది స్టాండు మీద. గట్టి నేల, హ్యాండ్ బ్రేక్, వెనక చక్రాలకు అడ్డం ఇటుకలో చెక్కలో. ఈ ఒక్క విషయంలో బేరాల్లేవు. తర్వాత ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ వెనక ఉండే రెండు బోల్టుల్లో ఒకటి తీసి పైకి మడిస్తే పాత ప్యాడ్లు చేతికి వస్తాయి. డిస్క్ కూడా మార్చాలంటే క్యాలిపర్ పూర్తిగా తీసి, దాన్ని పట్టి ఉంచే బ్రాకెట్ బోల్టులు రెండూ విప్పాలి. అవి మొండివి. తీసిన క్యాలిపర్‌ను రబ్బరు గొట్టం మీద వేలాడనివ్వకుండా చక్రం పైనున్న సస్పెన్షన్ స్ప్రింగుకు తీగతో కట్టండి.

పాత ప్యాడ్లు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. చిన్న కార్లలో క్యాలిపర్‌కు పిస్టన్ ఒక్కటే, అది లోపలి ప్యాడ్‌ను నొక్కుతుంది. ఆ నొక్కుడుకు క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ను తనవైపు లాక్కుంటుంది. లోపలిది బాగా అరిగి బయటిది కొత్తగా ఉందంటే పిన్నులు గ్రీజు ఎండి బిగుసుకున్నాయన్నమాట. వాటిని తుడిచి, రబ్బరును పాడుచేయని సిలికాన్ గ్రీజు రాయాలి. ఇది వదిలేసి ప్యాడ్లు మాత్రం మారిస్తే అదే కథ మళ్ళీ మొదలు.

ఇక పిస్టన్. పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ను పిస్టన్ దాకా తోసే మాస్టర్ సిలిండర్ వ్యాసం 20 మి.మీ., పిస్టన్ వ్యాసం 50 మి.మీ. అనుకుంటే పాస్కల్ సూత్రం ప్రకారం బలం ఆరు రెట్లకు పైగా పెరుగుతుంది. ఇది బడిలో చదివిందే. నాకు అంతకంటే ముచ్చటగా అనిపించేది పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు రింగు. చేత్తో పట్టి చూస్తే మామూలు రింగులా గుండ్రటి తీగ కాదు, అడ్డంగా కోస్తే నలుచదరంగా ఉంటుంది. బ్రేకు నొక్కినప్పుడు పిస్టన్ ముందుకు కదులుతుంటే రింగు జారదు, పిస్టన్‌ను అంటిపెట్టుకుని ఒక పక్కకు మెలి తిరుగుతుంది. పెడల్ వదలగానే ఆ రబ్బరు తన ఆకారానికి తిరిగి వస్తూ పిస్టన్‌ను మిల్లీమీటరులో చిన్న వంతు వెనక్కి లాగుతుంది. ప్యాడ్ డిస్కును వదిలేది ఆ కాస్త దూరమే. దీనికి వేరే స్ప్రింగు అక్కర్లేదు. ప్యాడ్ అరిగి పిస్టన్ ఎక్కువ దూరం పోవాల్సి వస్తే అప్పుడు మాత్రం రింగు మీద జారి కొత్త చోట నిలబడుతుంది. బండి ఉన్నంతకాలం బ్రేకును అదే సర్దుకుంటూ పోతుంది.

కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి పిస్టన్‌ను సి క్లాంప్‌తో మెల్లగా లోపలికి నెట్టాలి. అప్పుడు బ్రేక్ ఆయిల్ పైకి పొంగుతుంది, బానెట్ కింద డబ్బా మీద ఒక కన్ను వేసి ఉంచండి. పెయింటు మీద పడితే పెయింటు లేస్తుంది. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, ఆవిరి నొక్కితే అణిగిపోతుంది, పెడల్ నేలకు దిగుతుంది గానీ బండి ఆగదు. ఘాట్ రోడ్లలో బ్రేకులు ఫెయిలవడానికి ఇదొక కారణం. రెండేళ్ళకోసారి ఆయిల్ మార్చమనేది ఇందుకే.

ఇప్పుడు అసలు విషయం. బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోందంటే ఎవరైనా చెప్పే మాట, "డిస్క్ బెండయింది." ఇది చాలాసార్లు నిజం కాదు. పాత డిస్క్ తీయగానే దాని వెనక హబ్ (డిస్కునూ చక్రాన్నీ బిగించే భాగం) ముఖం కనిపిస్తుంది. గోధుమ రంగు తుప్పు పొలుసులు గట్టిగా అంటుకుని ఉంటాయి. వాటి మీదే కొత్త డిస్క్ బిగించామనుకుందాం. హబ్ అడ్డుకొలత 140 మి.మీ., దాని అంచున 0.05 మి.మీ. మందం ఉన్న ఒక్క పొలుసు ఇరుక్కుంది, అంటే వెంట్రుక కంటే సన్నం. డిస్క్ ఆ మేరకు పక్కకు వాలుతుంది. డిస్క్ అంచు హబ్ కంటే బయటికి ఉంటుంది కాబట్టి అక్కడ ఊగిసలాట 0.09 మి.మీ. దాకా చేరుతుంది. చాలా కంపెనీలు ఒప్పుకునేది 0.05 నుంచి 0.1 లోపే.

మొదటి రోజు మీకేమీ తెలియదు. బండి నున్నగా ఆగుతుంది, మెకానిక్‌కి డబ్బులిచ్చేస్తారు. కానీ 60 కి.మీ. వేగంలో చక్రం సెకనుకు తొమ్మిది సార్లు తిరుగుతుంది. బ్రేకు వేయకపోయినా డిస్కులో ఆ వాలిన భాగం తిరిగిన ప్రతిసారీ ప్యాడ్‌ను రాసుకుంటూ పోతుంది. కొన్ని వేల కిలోమీటర్లకు అక్కడ డిస్క్ కాస్త అరుగుతుంది, లేదా ప్యాడ్ మసాలా అక్కడే కాస్త ఎక్కువగా అంటుకుంటుంది. మందంలో ఆ తేడా మిల్లీమీటరులో వందో వంతు, రెండు వందో వంతులు చాలు. మందం ఉన్నచోట ప్యాడ్లు పిస్టన్‌ను వెనక్కి నెడతాయి, పలచగా ఉన్నచోట వదులవుతాయి. ఆ కొట్టుకోవడమే పెడల్ దాకా, స్టీరింగ్ దాకా వస్తుంది. డిస్క్ వంగలేదు, దాని మందం మారింది. లేత్ పట్టిస్తే కొన్నాళ్ళు బాగుంటుంది, తర్వాత మళ్ళీ మొదలవుతుంది. తుప్పు పొలుసు అక్కడే ఉంది కదా.

కాబట్టి ఇంట్లో పని చేస్తే దొరికే పెద్ద లాభం డబ్బు కాదు, తీరిక. వైర్ బ్రష్, ఎమరీ పేపర్ తీసుకుని హబ్ ముఖాన్ని ఇనుము మెరిసేదాకా రుద్దడానికి ఒక్కో పక్క పావుగంట పడుతుంది. వరుసగా బళ్ళు నిలబడి ఉన్న షెడ్డులో ఆ పావుగంట దొరకడం కష్టం. మెకానిక్ చేత చేయించేటట్టయితే డిస్క్ ఎక్కించే ముందు "హబ్ ఒకసారి రుద్దు అన్నా" అని అడిగి దగ్గర నిలబడండి, తప్పేం లేదు.

కొత్త డిస్క్ మీద తుప్పు పట్టకుండా నూనె పూసి పంపిస్తారు, దాన్ని బ్రేక్ క్లీనర్‌తో తుడిచాకే ఎక్కించాలి. బోల్టులన్నీ మీ బండి మాన్యువల్‌లో ఇచ్చిన బిగింపుకు టార్క్ రెంచ్‌తో బిగించండి. చక్రం నట్లను ఎదురెదురుగా వంతులవారీగా బిగించాలి, ఒక పక్కే లాగేస్తే హబ్ రుద్దిన కష్టమంతా వృథా. బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా పదేపదే నొక్కండి. పిస్టన్ ఇంకా వెనకే ఉంటుంది, మొదటి రెండు మూడు నొక్కులకు బ్రేకే ఉండదు. గేటు దాటి రోడ్డు మీదికి పోయాక తెలుసుకోవాల్సిన సంగతి కాదిది.

ప్యాడ్ డిస్కును గీరి ఆపుతుందనుకుంటాం, అది సగమే. డిస్క్ మీద ప్యాడ్ మసాలా సన్నటి పొరగా పరుచుకుంటుంది, ఆ పొరకూ ప్యాడ్‌కూ మధ్య అంటుకోవడం, విడిపోవడం నుంచే పట్టు చాలావరకు వస్తుంది. కొత్త జతకు ఆ పొర సమంగా పడాలి. ఖాళీ రోడ్డు మీద 50-60 వేగం నుంచి 10 దాకా ఓ మాదిరి బలంతో ఒక పది సార్లు తగ్గించండి, మధ్యలో చల్లారడానికి కాస్త దూరం నడపండి. వేడి మీద పూర్తిగా ఆపి పెడల్ తొక్కి పట్టుకోవద్దు, ప్యాడ్ ఉన్నచోట మసాలా మచ్చలా అంటుకుపోతుంది, వణుకు అక్కడి నుంచీ మొదలవుతుంది. ప్యాడ్లమ్మిన కంపెనీ వేరే పద్ధతి రాసి ఉంటే అదే పాటించండి.

ఓ వంద కిలోమీటర్లు నడిపాక చక్రం నట్లు మళ్ళీ ఒకసారి చూసుకోండి. పెడల్ మెత్తగా స్పాంజిలా దిగుతున్నా, బండి ఒక పక్కకు లాగుతున్నా, గొట్టం దగ్గర తడి కనిపించినా అది ఇంట్లో తేల్చుకునే పని కాదు, బండిని అక్కడే ఆపి మెకానిక్‌ను ఇంటికి పిలవండి. వెనక చక్రాలకు డిస్కులు, బటన్‌తో పనిచేసే పార్కింగ్ బ్రేక్ ఉన్న కార్లలో వెనక పిస్టన్‌ను ఇలా క్లాంప్‌తో నెట్టకూడదు, లోపల మోటార్ ఉంటుంది. ముందుగా దాన్ని సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. చాలా బళ్ళలో అందుకు స్కానర్ కావాలి.