లెక్క తప్పితే పడిపోయే మీట

చిరంజీవులు బుజ్జికీ, చిన్నోడికీ తాతయ్య దీవించి రాయునది.

బుజ్జీ, నువ్వు అడిగింది ఫోన్లో రెండు మాటల్లో తేలేది కాదు, అందుకే ఉత్తరం. వాన మొదలవగానే మీ ఇంట్లో కరెంటు పోయిందట, పక్కింట్లో మాత్రం దీపాలు వెలుగుతున్నాయట. గోడ పెట్టెలో ఒక మీట కిందికి పడి ఉందట. నాన్న పైకి లేపితే టక్కున మళ్లీ పడిందట. ‘ఎవరూ ముట్టుకోకుండా పడిపోవాలని దానికెలా తెలిసింది తాతయ్యా?’ అన్నావు. పెద్దవాళ్లు ఆ మీటను మళ్లీ ఎలా నిలబెట్టాలనే ఆలోచిస్తారు గానీ, ఎందుకు పడిందని అడిగేవాళ్లు తక్కువ.

మా చిన్నప్పుడు ఇంట్లో మేకలుండేవి. పొద్దున్నే దొడ్డి తలుపు తీస్తే అవి బయటికి పోతుంటే మా నాయనమ్మ లెక్కపెట్టేది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మళ్లీ లెక్క. లెక్క కుదిరితే సరే. ఒక్కటి తగ్గినా లాంతరు పట్టుకుని వెతకడానికి పోవాల్సిందే. పెద్దవాళ్ల టెన్షన్ వాళ్లది, మా సంబరం మాది. చీకట్లో మెడగంట చప్పుడు కోసం చెవులు రిక్కించి నడుస్తుంటే, ఎక్కడో ముళ్లకంపలో కొమ్ములు ఇరుక్కుని ‘మే’ అని అరుపు... సరే, ఆ కథ మొదలుపెడితే కరెంటు సంగతి మర్చిపోతాం.

మీ పెట్టెలో ఒక మీట మిగతావాటికంటే వెడల్పుగా ఉంటుంది. దాని పక్కన ‘టి’ అని రాసిన చిన్న బటన్ ఉంటుంది. దాన్ని ఆర్‌సీసీబీ అంటారు. మన నాయనమ్మ అదే. కరెంటు ఒక తీగలో ఇంట్లోకి వచ్చి, ఫ్యానులోనో ఫ్రిజ్‌లోనో పని చేసి, ఇంకో తీగలో వెనక్కి పోతుంది. మొదటిది ఫేజ్, రెండోది న్యూట్రల్. నిజానికి మన ఇళ్లలో కరెంటు సెకనుకు 50 సార్లు, కొన్ని దేశాల్లో 60 సార్లు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. అంత హడావిడి మంద ఎక్కడా ఉండదు. అయినా ఏ క్షణంలో చూసినా ఒక తీగలో ఎంత పోతుందో రెండో తీగలో అంతే తిరిగి రావాలి.

ఈ రెండు తీగలూ ఆర్‌సీసీబీ లోపల ఒక లోహపు ఉంగరం మధ్యలోంచి పోతాయి. కరెంటు పారే తీగ చుట్టూ అయస్కాంత శక్తి పుడుతుంది. పోయేదీ వచ్చేదీ సమానమైతే ఒకదాని అయస్కాంతాన్ని ఇంకొకటి చెరిపేస్తుంది, ఉంగరానికి ఏమీ తెలియదు. వచ్చేది తగ్గిందా, చెరగని కాస్త అయస్కాంతం ఉంగరంలో మిగులుతుంది. దానివల్ల ఉంగరానికి చుట్టిన సన్నటి తీగలో చిటికెడు కరెంటు పుట్టి, లోపలి గొళ్లెం ఊడుతుంది. స్ప్రింగు మీటను కిందికి లాగేస్తుంది. తీగలో పారేదానికీ తీగ బయటి అయస్కాంతానికీ ఈ చుట్టరికం ఏమిటని అడిగితే, ఇంత వయసొచ్చినా నాకు అది ఆశ్చర్యమే. పెద్ద క్లాసుల్లో మీరు చదువుకుని నాకు చెప్పాలి.

ఎంత తగ్గితే పడుతుంది? కరెంటును యాంపుల్లో కొలుస్తారు, అందులో వెయ్యో వంతు మిల్లీయాంపు. ఇళ్లలో పెట్టేవి ఎక్కువగా 30 మిల్లీయాంపులవి. 230 వోల్టుల దగ్గర 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె తీసుకునే కరెంటులో నూరో వంతు కూడా కాదది! అంత చిన్న తేడాను పసిగట్టి, సెకనులో మూడో వంతు గడిచేలోపే పడిపోతుంది. కరెంటు మనిషికి ఎంత తగిలితే ఏమవుతుందో ఏళ్ల తరబడి పరిశోధించిన చార్లెస్ డాల్జీల్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1961లో ఇలాంటి పరికరాన్నే తయారుచేశారు.

తప్పిపోయిన మేక ఎటు పోయింది? వాననీరు దిగిన ప్లగ్గు పెట్టెలోంచి తడి గోడలోకి పోయి ఉండొచ్చు. గీజర్‌లో చిట్లిన రాడ్డులోంచి, నేలలోకి దించిన ఎర్త్ తీగలోకి పోయి ఉండొచ్చు. లేదా ఒక మనిషి ఒంట్లోంచి నేలలోకి. నాయనమ్మకు ఒకటి తగ్గిందని తెలుసు గానీ ఎటు పోయిందో తెలియదు. అందుకే వెతకాలి. వెతక్కుండా మీటను పదే పదే పైకి లేపితే, మేకలను ఒక్కొక్కటిగా అదే దారిన పోగొట్టుకోవడమే.

ఆమెకు తెలియనిది ఇంకొకటుంది. ఒక చెయ్యి ఫేజ్ మీద, ఇంకో చెయ్యి న్యూట్రల్ మీద పడితే కరెంటంతా మనిషిలోంచే పోయి తిరిగి ఇంటికి చేరుతుంది. లెక్క సరిగ్గానే ఉంటుంది, మీట పడదు. కాబట్టి ‘అదుందిగా, కాపాడుతుంది’ అని ప్లగ్గుల్లో వేళ్లూ మేకులూ పెట్టకూడదు. చిన్నోడా, ఇది నీకే.

పక్కన వరసగా ఉండే సన్నటి మీటలు ఎంసీబీలు. వాటికి తప్పిపోయిన మేకల గొడవ పట్టదు. సన్నటి సందులో మంద మితిమీరితే మాత్రం తలుపు వేసేస్తాయి. ఒకే లైను మీద హీటరూ, ఇస్త్రీ పెట్టే, వాషింగ్ మెషీనూ నడిస్తే, లోపల రెండు లోహాలు అతికించిన పట్టీ వేడెక్కి మెల్లగా వంగి మీటను పడేస్తుంది. దానికి నిమిషాలు పట్టొచ్చు. షార్ట్ సర్క్యూట్ అయితే అంత ఓపిక ఉండదు, తీగచుట్ట అయస్కాంతమై కన్ను మూసి తెరిచేలోపే లాగేస్తుంది. ఇలాంటివి జర్మనీలో హ్యూగో స్టోట్జ్ కంపెనీలో 1924లో పుట్టాయి. ఇవి కాపాడేది గోడలో ఉన్న వైర్లను, మిమ్మల్ని కాదు. మనిషి ప్రాణం తీసేంత కరెంటు వీటి లెక్కలోకే రాదు.

మా రోజుల్లో వీటి బదులు ఫ్యూజులుండేవి. పింగాణీ దిమ్మలో వెంట్రుకలాంటి తీగ. అది కరిగిపోతే చీకటి, మా నాన్న టార్చి నన్ను పట్టుకోమని కొత్త తీగ కట్టేవాడు. మాటిమాటికీ పోతోందని తెలిసినాయన ఒకాయన తన ఇంట్లో లావుపాటి రాగితీగ చుట్టాడు. ఫ్యూజు మళ్లీ పోలేదు, ఒకరోజు స్విచ్ బోర్డు మాత్రం మాడి నల్లబడింది. ఇప్పటికీ మీట పడుతోందని పెద్ద ఎంసీబీ వేయించేవాళ్లున్నారు. వైరు మార్చకుండా అలా చేయడం కంటే తెలివితక్కువ పని లేదు.

ఇక నాన్నకు చెప్పండి, ఇది పెద్దవాళ్ల పని. చేతులు పొడిగా ఉండాలి. పెట్టెలో కాలిన వాసనో చిటపటలో ఉంటే, నీళ్లు కారుతుంటే ముట్టుకోకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. అలాంటివేమీ లేకపోతే అన్ని ఎంసీబీలూ దించి, వెడల్పు మీటను లేపాలి. పడ్డ మీట కొన్నిసార్లు మధ్యలో ఆగుతుంది, ముందు పూర్తిగా కిందికి నొక్కితేనే మళ్లీ పైన నిలుస్తుంది. తర్వాత ఎంసీబీలు ఒక్కొక్కటే లేపుతూ పోతే, ఏది లేపినప్పుడు వెడల్పు మీట పడుతుందో తప్పు ఆ లైనులో ఉన్నట్టు. ఆ ఎంసీబీని దించి, ఆ లైను మీది వస్తువుల ప్లగ్గులన్నీ ఊడదీసి, వెడల్పు మీటనూ ఆ ఎంసీబీనీ మళ్లీ లేపాలి. స్విచ్ ఆపితే చాలదు, ఊడదీయాల్సిందే. మామూలు స్విచ్ ఫేజ్‌నే ఆపుతుంది, న్యూట్రల్ వైపు కారుతుంటే అలాగే కారుతుంది. ఇప్పుడు మీట నిలిస్తే ప్లగ్గులు ఒక్కొక్కటే పెట్టి చూడాలి, ఏది పెడితే పడిందో దొంగ అదే. అన్నీ ఊడదీసినా పడుతుంటే తప్పు వైరింగులో ఉంది, ఇక మనం ఆపేయాలి. మీటను వేలితో పైకి పట్టుకుని ఉంచుదామనుకోకండి, పట్టుకున్నా లోపల అది విడిపోతుంది. చేసినవాడు మహా తెలివైనవాడు.

వాన వెలిశాక పగటిపూట అమ్మనో నాన్ననో తోడు పెట్టుకుని ఆ పెట్టె తలుపు తీయించి చూడండి. మీటల మీద సి10, సి16 లాంటి అంకెలుంటాయి, అవి యాంపులు. ఏ మీట ఏ గదిదో కనిపెట్టి పక్కన కాగితం అంటించండి. కంప్యూటర్ ఆపేశాక ‘టి’ బటన్‌ను అమ్మచేత నొక్కించండి. అది కావాలనే ఒక మేకను దాచి, నాయనమ్మ లెక్క గుర్తుందో లేదో చూసే బటన్. నొక్కగానే పడితే మంచిది, మళ్లీ లేపేయొచ్చు. పడకపోతే ఆరోజే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించమనండి. ఏమైందో నాకు రాయండి, చిన్నోడు పెట్టె బొమ్మ వేసి పంపాలి.

ఇట్లు,
మీ తాతయ్య