విండోలూ బటన్లూ ఉన్న అప్లికేషన్లకి టీడీడీ: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

డెస్క్‌టాప్ అప్లికేషన్లు రాసేవాళ్ల దగ్గర టీడీడీ (టెస్ట్ డ్రివెన్ డెవలప్‌మెంట్, అంటే ముందు ఫెయిలయ్యే టెస్ట్ రాసి, తర్వాత దాన్ని పాస్ చేయించే కోడ్ రాయడం) మాట ఎత్తితే చాలు, "అవన్నీ బ్యాకెండ్ వాళ్లకి బాగుంటాయండీ, మాకు కుదరవు" అంటారు. కుదరదనడానికి చెప్పే కారణాల్లో సగం నిజం ఉంటుంది. ఆ సగం వల్లే ఈ అపోహలు ఇన్నేళ్లుగా నిలబడ్డాయి.

అపోహ: స్క్రీన్ మీద కనిపించేదానికి ముందుగా టెస్ట్ రాయలేం.

వాస్తవం: తెర మీద గీసే పని టెస్టుకి అంత తేలిగ్గా లొంగదు, ఒప్పుకుంటాను. కానీ మీ విండో క్లాసు తెరిచి చూడండి, అందులో గీసే పని ఎంత, నిర్ణయాలు తీసుకునే పని ఎంత? పేరు ఖాళీగా ఉంటే సేవ్ బటన్ నొక్కనివ్వకూడదు, ముగింపు తేదీ ప్రారంభ తేదీకంటే ముందుంటే హెచ్చరించాలి, సేవ్ చేయకుండా మూసేస్తుంటే ఒకసారి అడగాలి. వీటిలో పిక్సెళ్ల గొడవేమీ లేదు. వీటిని విండోలోంచి తీసి మామూలు క్లాసులో పెడితే, తెర అవసరమే లేకుండా మిల్లీసెకన్లలో నడిచే టెస్టులు ముందే రాసుకోవచ్చు. చెప్పింది చూపించడం, నొక్కింది చెప్పడం, విండోకి మిగిలే పని అంతే. ఇదేం కొత్త ఆలోచన కాదు. మైక్ పోటెల్ 1996లోనే ఎంవీపీ (మోడల్-వ్యూ-ప్రెజెంటర్) గురించి రాశారు, డైలాగ్ బాక్సులో తెలివి పెట్టొద్దని మైకేల్ ఫెదర్స్ 2002లో చెప్పారు, మైక్రోసాఫ్ట్ వారి డబ్ల్యూపీఎఫ్ (విండోస్ స్క్రీన్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) కోసం జాన్ గాస్‌మన్ 2005లో ఎంవీవీఎం (మోడల్-వ్యూ-వ్యూమోడల్) అన్నారు. వివరాల్లో తేడాలున్నా, ముగ్గురూ నిర్ణయాల్ని విండో బయటికే తెచ్చారు.

అపోహ: టీడీడీ అంటే బటన్లు నొక్కే టెస్టులు ముందే రాసిపెట్టుకోవడం.

వాస్తవం: ఇక్కడ రెండు చక్రాలు తిరుగుతాయి. బయటి చక్రం యాక్సెప్టెన్స్ టెస్ట్: వాడేవాడికి కావలసిన ఒక పని, మొదటినుంచి చివరిదాకా. లోపలి చక్రం చిన్న యూనిట్ టెస్టులు: ఒక్కో క్లాసునో ఫంక్షన్‌నో విడిగా పరీక్షించేవి. బయటిది రోజుల తరబడి ఎర్రగానే (ఫెయిలవుతూనే) ఉండొచ్చు, తప్పులేదు, కాకపోతే అది పూర్తయ్యేదాకా బిల్డ్‌ని ఆపే టెస్టుల గుంపులో కలపకండి.

బయటి చక్రంలో మొట్టమొదటి టెస్ట్ మాత్రం సిగ్గుపడేంత చిన్నదిగా ఉండాలి. అప్లికేషన్ తెరుచుకుంది, మెయిన్ విండో కనిపించింది, మూసుకుంది. అది బిల్డ్ సర్వర్ (అందరి కోడ్‌నీ కలిపి బిల్డ్ చేసి టెస్టులు నడిపే మెషీన్) మీద నడవాలి, మీ మెషీన్ మీద నడిస్తే లెక్కలోకి రాదు. అసలు తలనొప్పులన్నీ ఇక్కడే బయటపడతాయి: లైనక్స్ సర్వర్‌కి డిస్‌ప్లే ఉండదు, ఎక్స్‌వీఎఫ్‌బీ (Xvfb, మెమరీలోనే ఉండే ఉత్తుత్తి డిస్‌ప్లే) పెట్టుకోవాలి లేదా క్యూట్ (Qt అనే జీయూఐ ఫ్రేమ్‌వర్క్) అయితే ఆఫ్‌స్క్రీన్ ప్లగిన్ వాడాలి. విండోస్‌లో బిల్డ్ ఏజెంట్ (బిల్డునీ టెస్టుల్నీ నడిపే ప్రోగ్రామ్) సర్వీసుగా నడుస్తుంటే దానికి మనం చూసే డెస్క్‌టాప్ అందదు (విస్టా నుంచి సర్వీసులు వేరే సెషన్‌లో ఉంటాయి), కాబట్టి లాగిన్ అయిన యూజర్ కింద నడపాలి. ఇది ప్రాజెక్టు మొదట్లోనే తేల్చుకుంటే మంచిది, చివర్లో తగులుకుంటే టెస్టులే వద్దని వదిలేస్తారు.

అపోహ: రికార్డ్ చేసి మళ్లీ ప్లే చేసే టూల్ కొంటే సరిపోతుంది.

వాస్తవం: ఇంకా కట్టని స్క్రీన్‌ని రికార్డ్ చేయలేరు కదా! పైగా కోఆర్డినేట్లు పట్టుకునే రికార్డింగులు డీపీఐ (తెర మీద అంగుళానికి చుక్కల లెక్క) మారితే చాలు పడిపోతాయి. కంట్రోళ్లకి స్థిరమైన పేర్లు పెట్టి వాటితో వెతకండి, క్యూట్‌లో ఆబ్జెక్ట్ నేమ్, విండోస్‌లో ఆటోమేషన్ ఐడీ. ఆ వెతుకులాట అంతా ఒక్క డ్రైవర్ క్లాసులోనే ఉంచండి. టెస్టులో "బిల్లు సేవ్ చెయ్యి" అని ఉండాలి, ఏ బటన్ ఎక్కడుందో టెస్టుకి తెలియనక్కర్లేదు. అన్నట్టు, దీనికి కుకుంబర్ (టెస్టుల్ని మామూలు వాక్యాల్లో రాయనిచ్చే టూల్) తప్పనిసరేం కాదు. "గివెన్, వెన్, దెన్" కింద బటన్ క్లిక్కులు పేర్చుకుంటూ పోతే అది యాక్సెప్టెన్స్ టెస్ట్ అయిపోదు.

అపోహ: జీయూఐ టెస్టులు ఒకసారి పాసై ఇంకోసారి ఫెయిలవడం సహజం, మధ్యలో స్లీప్ పెట్టుకోవాలి.

వాస్తవం: స్లీప్ పెడితే వేగమైన మెషీన్ మీద టైం వృథా, నెమ్మదైన దానిమీద అయినా ఫెయిలే. కావలసిన పరిస్థితి వచ్చేదాకా, ఒక గడువు పెట్టుకుని, మళ్లీ మళ్లీ చూడాలి. క్యూట్ టెస్టులోని ట్రై కంపేర్ (QTRY_COMPARE) మాక్రో చేసేది ఇదే, మామూలుగా 5 సెకన్ల దాకా ఆగుతుంది. జావా జీయూఐ లైబ్రరీ స్వింగ్‌లో అయితే కంట్రోళ్లని ముట్టుకునే పనంతా ఈవెంట్ థ్రెడ్ మీదే జరగాలి, టెస్ట్ థ్రెడ్ నుంచి నేరుగా చదివితే ఒక్కోసారి పాత విలువ కనిపించి టెన్షన్ పెడుతుంది.

ఎక్కువమంది గమనించనిది "ఏమీ జరగకూడదు" అనే టెస్ట్. క్లిక్ చేశాక ఎర్రర్ రాకూడదని రాస్తే, అప్లికేషన్ ఆ క్లిక్‌ని అందుకునేలోపే టెస్ట్ పాసైపోతుంది. ముందు ఆ పని ముగిసిందని చెప్పే ఇంకో గుర్తు కోసం, అంటే స్టేటస్ బార్‌లో మాటో, లిస్టులో కొత్త వరసో కనిపించేదాకా ఆగి, ఆ తర్వాతే ఎర్రర్ లేదని చూడాలి. మోడల్ (modal) డైలాగుల, అంటే మూసేదాకా మిగతా విండోని ముట్టుకోనివ్వని డైలాగుల సంగతీ ఇలాంటిదే. డైలాగ్ మూసేదాకా కోడ్ అక్కడే ఆగిపోతుంది కాబట్టి, అదే థ్రెడ్ మీద నడిచే టెస్టులో క్లిక్ తర్వాతి లైన్ నడవనే నడవదు. "వాడేవాణ్ణి అడుగు" అనే పనిని ఒక ఇంటర్‌ఫేస్ వెనక పెట్టి, యూనిట్ టెస్టుల్లో జవాబు మీరే ఇచ్చేయండి.

అపోహ: ఇవన్నీ ఉంటే ఎవరూ కళ్లతో చూడనక్కర్లేదు.

వాస్తవం: చూడాలి. రంగులు, వరసలు, అక్షరాలు తెగిపోవడం మనిషే చూడాలి. స్క్రీన్‌షాట్లు పోల్చే టూల్స్ కొంత సాయం చేస్తాయి గానీ మెషీన్ మారితే ఫాంట్ గీసే తీరు మారి అబద్ధపు ఫెయిల్యూర్లు వస్తాయి.

అపోహ: పాత కోడ్‌కి ఇప్పుడు మొదలుపెట్టి లాభం లేదు.

వాస్తవం: మొత్తం తిరగరాయమని ఎవరూ అనట్లేదు. తర్వాత వచ్చే బగ్ తీసుకోండి. అది ఏ క్లిక్ హ్యాండ్లర్‌లో ఉందో చూసి, తప్పుగా తీసుకుంటున్న నిర్ణయాన్ని మాత్రం కంట్రోళ్లతో పనిలేని ఫంక్షన్‌గా బయటికి లాగండి, విలువలు తీసుకుని విలువ తిరిగిచ్చేలా. దానికి ఫెయిలయ్యే టెస్ట్ రాసి, అప్పుడు సరిచేయండి. ఆ హ్యాండ్లర్‌లో మిగతాదంతా ప్రస్తుతానికి ఎలా ఉందో అలాగే వదిలేయండి.